ఆరంకెల పరిచయం

ఎనిమిది నెలల పాటు నేను చనిపోయిన మనిషి పేరుమీద జీఎస్టీ రిటర్నులు వేశాను. తెలిసి చేసిన పని కాదు. తెలియకపోవడమే అసలు తప్పని ఇప్పుడు అనుకుంటాను కానీ, అప్పుడు నా పనికి వంక పెట్టినవాళ్ళెవరూ లేరు. నెలకు రెండు రిటర్నులు, పదకొండో తేదీ లోపల ఒకటి, ఇరవై లోపల ఒకటి. ఒక్కసారి కూడా గడువు దాటలేదు.

నాది ప్రొద్దుటూరులో మిద్దె మీద ఒక్క గది. ముందు భాగంలో కంప్యూటరు, ప్రింటరు, బిల్లుల సంచులు. అట్ట తడిక వెనక మంచం, పొయ్యి. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు కూడా ఈ మధ్య తగ్గిపోయారు. నలభై ఎనిమిదేళ్ళు వచ్చాక జనం ఆ ప్రశ్న మానేసి షుగరు ఉందా అని అడుగుతారు. ఆదివారం చర్చికి పోయి వెనక వరుసలో కూర్చుంటాను. ఆఖరి ప్రార్థన అయ్యీ కాకముందే చెప్పులు తొడుక్కుంటాను. మిగతా ఆరు రోజులూ నాకు మనుషులతో మాటలంటే ఓటీపీలే.

రిటర్ను వేసే పనిలో చివరి మెట్టు అది. దుకాణం ఎవరి పేరుమీద ఉందో వాళ్ళ ఫోనుకు ఆరంకెలు వస్తాయి. అవి నేను ఇక్కడ కొడితేనే రిటర్ను పోతుంది. కొన్ని నిమిషాలు ఆలస్యమైతే ఆ అంకెలు చెల్లవు, మళ్ళీ తెప్పించుకోవాలి. కాబట్టి ఫోను చేస్తాను, అంకెలు అడుగుతాను, కొడతాను, పెట్టేస్తాను. అరవై మంది దుకాణాలవాళ్ళు నాకు ఇలాగే తెలుసు. సగం మంది మొహాలు చూడలేదు. ఎదురుపడితే గుర్తుపట్టను గానీ గొంతు వింటే ఏ ఊళ్ళో ఏ వ్యాపారమో చెప్పగలను.

ఈ పని నేను పులివెందులలో ఒక పెద్దాయన దగ్గర నేర్చుకున్నాను. అంతకుముందు ప్రైవేటు బళ్ళో లెక్కలు చెప్పేదాన్ని. చేరిన మొదటి వారంలోనే ఆయన చెప్పిన మాట ఇది: “ఓటీపీ అడుగు, పెట్టెయ్. బాగుండారా అని అడిగితివా, వాళ్ళ ఎనుము ఈనిన కాడ్నించి మొదులుపెడ్తారు. అరవై మందికి తెల్లార్తాది.” తీరా చూస్తే ఆయన మాత్రం వచ్చినవాడినల్లా కూర్చోబెట్టి, టీ తెప్పించి, వాళ్ళ ఎనుము సంగతి తానే అడిగేవాడు. చెప్పింది ఆయన, పాటించింది నేను. అసలు ఆ నియమం నాకు సులభంగా అబ్బింది. ఎవరినీ ఏమీ అడగకుండా ఉండటం నాకు అప్పటికే అలవాటు.

జమ్మలమడుగులో ఒకాయనకు బోరుమోటార్ల దుకాణం ఉండేది. మోటార్లు, స్టార్టర్లు, కేబుళ్ళు, పైపులు. ఏళ్ళుగా నా దగ్గరే రిటర్నులు. ఆయన అంకెలు చదివే పద్ధతే వేరు. కళ్ళంలో గింజలు కొలిచేటప్పుడు మొదటి కొలతను ఒకటి అనకుండా ‘లాభం’ అంటారు కదా, ఆయన ఓటీపీలో కూడా ఒకటి వచ్చినప్పుడల్లా లాభం అనేవాడు. “రాసుకో మేడం. నాలుగు, లాభం, సున్నా, మళ్ళా లాభం...” ఒకసారి విసుగొచ్చి, “అప్పా, కంప్యూటరుకు లాభాలు తెలియవు, అంకెలు చెప్పు” అన్నాను. “దానికి తెలీకుంటే పాయె, నీకు తెల్సుగదమ్మా” అని నవ్వాడు. అంకెలు అయ్యాక “తిన్న్యావా” అని అడగబోయేవాడు. నాకు “తిన్న్యా” దాకా వినపడేది. మిగతాది వినేలోగా పెట్టేసేదాన్ని.

ఒక నెల ఆ నంబరు నుంచి ఆడగొంతు పలికింది. అంకెలు నిదానంగా, బడిపిల్లలా చదివింది. ఒకటిని ఒకటి అనే చదివింది. నేను కొట్టాను, పెట్టేశాను. ఆయన ఊళ్ళో లేడేమో అనుకున్నాను. నిజం చెప్పాలంటే అది కూడా అనుకోలేదు. అంకెలు త్వరగా వచ్చాయని సంతోషించాను. తర్వాతి నెలా ఆమే, ఆ పై నెలా ఆమే. బిల్లుల ఫొటోలు వాట్సాపులో సరిగ్గా వచ్చేవి, ఇంతకుముందు కన్నా శుభ్రంగా. ఇంట్లో ఆడమనిషి చెయ్యి పెడితే పని ఎలా ఉంటుందో చూడు అని మనసులో మెచ్చుకున్నాను కూడా.

ఎనిమిదో నెలలో బ్యాంకు ఖాతా వివరాలు మార్చాల్సి వచ్చింది. దానికి ఆయన సంతకాలు కావాలి. ఓటీపీ చెప్పించుకున్నాక, “ఆయన్ను ఒకసారి ఆధార్ కార్డు తీసుకుని ప్రొద్దుటూరికి రమ్మనండి” అన్నాను.

లైను తెగిందనుకున్నాను.

“ఆయప్ప ల్యాడు మేడం,” అంది. “సచ్చిపోయి ఎనిమిది నెలలయింది. గుండెపోటు.”

“మరి నాకు చెప్పలేదేం?” అని అరిచాను. ముందు వచ్చింది కోపమే. నా రిటర్నులు, నా పేరు, నాకు వచ్చే నోటీసులు, అవే కళ్ళముందు తిరిగాయి.

“మీరు అడగల్యా గదా మేడం,” అంది ఆమె. ఎత్తిపొడుపు కాదు. ఉన్నమాట చెప్పినట్టే చెప్పింది.

ఏడ్చిందేమోనని చెవి పెట్టి విన్నాను. ఏడవలేదు. దుకాణంలో ఎవరో పైపు కోయమంటున్నారు, ఆమె “ఒక్క నిమిషం అన్నా” అంటోంది.

మర్నాడు బస్సెక్కి జమ్మలమడుగు పోయాను. ఆమె ఆయన భార్య, నలభై ఏళ్ళుంటాయి. బల్ల వెనక నిలబడి ఉంది, కూర్చోవడం చేతకానట్టు. బల్ల కింది అరలో ఆయన ఫోను ఛార్జింగులో ఉంది. ఓటీపీ వస్తుందని ఎనిమిది నెలలుగా దానికి రీఛార్జి చేయిస్తూ వచ్చిందట. రాత్రీపగలూ పక్కన పెట్టుకుందట. దానికి ఫోను చేసేది నేనొక్కదాన్నే.

ఎందుకు దాచిందో ఆమే చెప్పింది. మోటార్ల కంపెనీ జీఎస్టీ నంబరు చూసే సరుకు ఇస్తుంది. మనిషి లేడంటే నంబరు పోతుంది, నంబరు పోతే సరుకు ఆగుతుంది, సరుకు ఆగిన నెలకే ఏజెన్సీ ఊళ్ళో ఇంకొకరికి పోతుంది. ఇంతే ఆమెకు తెలిసిన చట్టం. నంబరంటే రేషన్ కార్డు లాంటిదని, ఇంటికంతా ఒకటేనని, యజమాని పోయినా ఇంట్లోవాళ్ళు వాడుకోవచ్చని అనుకుంది. తప్పేమోనని అనుమానం వచ్చాక చెప్పడానికి భయపడింది.

“ఇట్లనే నడిపిద్దాం మేడం. మీరు చెప్పాకండి. ఈ దుకాణం పోతే నాకు ఇంగేమీ ల్యా. ఆయప్పతో బాటు ఇరవై ఏండ్లు ఈ బల్లకాడ నిలబడిండా. యా మోటారు యా బోరుకు పడ్తాదో కొండాపురం రైతులు నన్నే అడుగుతారు.”

ఇట్లనే నడిపిద్దాం అనడం నాకూ తేలికే. నేను నోరు మూసుకుంటే ఇంకో రెండేళ్ళు గడుస్తుంది. కానీ ఒక నోటీసు వస్తే, ఒక అధికారి దుకాణానికి వస్తే, నంబరు ఒక్కసారిగా రద్దవుతుంది. అప్పుడు ఆమె భయపడింది నిజంగానే జరుగుతుంది. అది ఆమెకు చెప్పాను. ఆయన నంబరు ఉండగానే ఆమె పేరుమీద కొత్త నంబరు తెచ్చుకోవాలి, ఏజెన్సీ దానికి మార్పించుకోవాలి, ఆ తర్వాతే పాతది రద్దు చేసుకోవాలి. ఈ వరుస తప్పితే దుకాణం పోతుంది. “పోకుండా చూస్తారా?” అంది. చూస్తానన్నాను. జీవితంలో నేను ఎవరికైనా ఇచ్చిన మాటలు చాలా తక్కువ.

అక్కడ మొదలైంది తిరుగుడు. ఆమెకు పాన్ కార్డే లేదు. దుకాణం గది అద్దె కాగితం ఆయన పేరుమీద. మరణ ధ్రువపత్రంలో ఇంటిపేరు ఒక అక్షరం తేడా. కుటుంబ సభ్యుల సర్టిఫికెట్టు కోసం తహసీల్దారు ఆఫీసు చుట్టూ ఎండలో తిరిగాం. ఆమె మధ్యాహ్నం దుకాణం మూసి వచ్చేది. నేను ప్రొద్దుటూరు నుంచి బస్సులో పోయేదాన్ని. ఆ ఆఫీసు ముందు బెంచీ మీద ఇద్దరం ఆమె డబ్బాలోని సంగటి, చెనిక్కాయల చట్నీ తిన్నాం. నేను ఇంకొకరితో కలిసి మధ్యాహ్నం భోజనం చేసి ఎన్నాళ్ళయిందో గుర్తు చేసుకోబోయి మానేశాను.

కొత్త నంబరు దరఖాస్తు మీద వివరణ అడిగారు. ఎనిమిది నెలల ఆలస్యం ఎందుకని. ఆఫీసుకు నేనే పోయాను. అధికారి చిన్నవాడు, మర్యాదస్తుడు. కాగితాలన్నీ చూసి అడిగాడు.

“ఎనిమిది నెలలు రిటర్నులు వేసిందెవరు?”

“నేనే సార్.”

“ఆయన చనిపోయినట్టు మీకు తెలియదా?”

“తెలియదు సార్.”

“ప్రతి నెలా వాళ్ళతో ఫోన్లో మాట్లాడారు కదా.”

“మాట్లాడాను సార్.”

ఆయన ఒక తెల్లకాగితం నా ముందుకు జరిపాడు. తిట్టినా బాగుండేది. కాగితం తీసుకుని అదే రాసిచ్చాను: ప్రతి నెలా మాట్లాడాను, తెలియదు. నా సొంత చేతిరాతలో ఆ రెండు మాటలూ పక్కపక్కన చూసుకుంటే సిగ్గేసింది. బళ్ళో పిల్లలు ఇలాంటి జవాబు రాస్తే గోడకుర్చీ వేయించేదాన్ని.

నంబరు వచ్చింది. ఏజెన్సీ ఆమె పేరుమీదికి మారింది. మొదటి లోడు మోటార్లు దిగిన రోజు ఫోను చేసి, “వచ్చినాయి మేడం, నా పేరుతోనే బిల్లు కొట్టినారు” అంది. ఆ తర్వాత పాత నంబరు రద్దు. దానికి కూడా ఓటీపీ ఆయన ఫోనుకే వచ్చింది. ఆమె ఆరంకెలూ చదివి, “ఇదే కడాదా మేడం?” అని అడిగింది. అవును, ఇదే ఆఖరిదన్నాను. అంకెలు కొట్టాక కూడా నేను ఫోను పెట్టేయలేదు.

ఇక మిగిలింది ఒక్క నిర్ణయం. చిన్న వ్యాపారాలవాళ్ళు రిటర్నులు నెలనెలా కాకుండా మూడు నెలలకోసారి వేసుకోవచ్చు. మధ్య నెలల్లో చలానా కడితే చాలు. దానికి ఓటీపీ అక్కర్లేదు, కాగితం వాట్సాపులో పంపిస్తే సరిపోతుంది. ఒంటరిగా దుకాణం చూసుకునే మనిషికి అదే మేలు. ఆయనకు ఒకప్పుడు చెబితే, “నెల పని నెల్లోనే కావల్ల, ల్యాకుంటే మర్సిపోతా” అని వద్దన్నాడు. ఆమెకు మాత్రం అలా మార్చుకోమని చెప్పడం నా ధర్మం. రెండు రోజులు చెప్పలేదు. పని ఒత్తిడి అనుకున్నాను, కాదు. నెలకు రెండుసార్లు వినే ఆ గొంతు మూడు నెలలకోసారి అవుతుందని చెప్పలేదు. మూడో రోజు నామీద నాకే అసహ్యం వేసి చెప్పాను. ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. “శానా మంచిది మేడం, అట్లనే చెయ్యండి” అంది.

ఆ నెల ఇరవయ్యో తేదీ వచ్చింది. యాభై తొమ్మిది మందికి ఫోన్లు చేశాను. దువ్వూరు ఎరువుల దుకాణమాయన, పులివెందుల హార్డ్‌వేరు షాపాయన, అందరూ అయిపోయారు. మధ్యాహ్నం మూడు గంటలకే పని లేదు. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఇన్నేళ్ళూ ఆ చప్పుడు నాకు వినపడనేలేదు.

ఆమెకు ఫోను చేశాను. నా అంతట నేను పనిలేకుండా ఒకరికి ఫోను చేయడం అది మొదటిసారి.

“మేడం, ఓటీపీ ఏం రాల్యాదే!” అంది వెంటనే.

“ఓటీపీ కాదమ్మా. ఊరికే చేశాను. బాగున్నావా?”

ఆమె గొంతు పూర్తిగా మారిపోయింది.

“ఏమయింది మేడం? నోటీసు ఏమన్నా వచ్చిందా? నంబరుకు ఏమన్నా అయిందా?”

“ఏమీ కాలేదు. అంతా బాగుంది.”

“మళ్ళ ఏంది మేడం?”

ఇలాంటప్పుడు జనం ఏం మాట్లాడుకుంటారో నాకు నిజంగా తెలియలేదు. ఏమీ లేదమ్మా అన్నాను. వెనకాల ఎవరో కేబులు ఎన్ని మీటర్లని అరుస్తున్నారు. “గిరాకీ ఉండాది మేడం, మళ్ళ చేస్తా” అని ఆమె పెట్టేసింది.

గిరాకీ ఉంది. ఎండలో కాగితాలు పట్టుకుని ఇద్దరం తిరిగింది అందుకే, దుకాణం నిలబడింది. ఆ సంతోషం నాకు నిజంగానే ఉంది. అయినా ఫోను బల్ల మీద పెట్టుకుని చీకటి పడేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఆమె చేయలేదు. నేను బాగున్నావా అంటే ఆమెకు భయమేసింది, పనికి తప్ప ఫోను చేయనని అంతగా అలవాటు చేశాను నేను. ఇది ఒక్క ఫోనుతో తీరేది కాదు. మర్నాడు పదకొండు గంటలకు నేనే మళ్ళీ చేశాను.