ఆదివారం నాడి

నాకు యాభై ఒకటో ఏడు. జనగామ నుంచి భూపాలపల్లికి బదిలీ అయ్యేనాటికి నా ఐదు కిలోమీటర్ల పరుగు ఇరవై నాలుగు నిమిషాల పది సెకన్లు. నిద్ర లేవగానే నాడి నిమిషానికి అరవై రెండు. రెండూ డైరీలో ఉన్నాయి. నాలుగు నెలలు తిరిగేసరికి పరుగు ఇరవై ఆరున్నర నిమిషాలకు, నాడి ఎనభై నాలుగుకు చేరాయి. మహబూబాబాద్‌లో జరిగే ఉద్యోగుల జట్టు ఎంపికకు గడువు ఇరవై ఐదు నిమిషాలు. ఆ జట్టులో వరుసగా ఆరేళ్లు చోటు నిలుపుకున్నాను. పదోన్నతి రాని మనిషికి అంతకంటే పెద్ద హోదా ఏముంటుంది?

శాస్త్రీయంగా వ్యవహరించాను. బూట్లు మార్చాను. అన్నం మాని జొన్నరొట్టె పట్టాను. వైద్యుడు మనసు మీద ఒత్తిడి అన్నారు. దేనితో కొలిచారని అడిగితే తర్వాతి రోగిని పిలిచారు.

జనగామ బడిలో లెక్కలు చెప్పే నా భార్య, నేను ఇంటికి వచ్చిన ఒక శనివారం, డైరీ తిరగేసింది.

"ఎనభై దాటినయన్నీ ఆదివారాలే. కడమ రోజులు నీ గుండె మంచిగనే కొట్టుకుంటుంది."

"ఆదివారం ఇంట్లనే ఉంట గదా! అంటే నీ వల్లనా?"

"నా వల్ల గాదు, సోమవారం తెల్లారి భూపాలపల్లి బస్సు వల్ల. ఆదివారం పొద్దుగాల్నే మనసుల బస్సెక్కి కూసుంటవ్. నీ ఉరుకుడు లెక్క రాసుకునుడు గూడ ఆదివారమే, ఆ ఎంపిక గూడ ఆదివారమేనాయె. ఎంపిక అయినంక సోమవారం సెలవు పెట్టు."

సెలవు చీటీలో కారణం "ఆదివారం పరుగెత్తుట" అని రాశాను. మా అధికారి కళ్లద్దాలు పైకి తోసుకున్నారు.

"ఉరుకుడు ఆదివారం, సెలవు సోమవారమా? ఏందన్నా గిది? ఆగనీకె ఒక రోజు పడ్తదా?"

"తెల్లారి బస్సు లేదని తెలిస్తేనే కాళ్లు ఆడుతయ్ సార్."

ఆయనకు అర్థం కాలేదు. కనుక సంతకం చేశారు. మా కార్యాలయంలో అదే ఆనవాయితీ.

ఎంపిక నాటి ఉదయం నాడి అరవై ఆరు. ఫోను వెంట వచ్చిన నా భార్య చేతికిచ్చి పరుగు మొదలయ్యే గీత మీద నిలబడ్డాను. పన్నెండున్నర చుట్లు. ఇరవై నాలుగు నిమిషాల యాభై రెండు సెకన్లు. ఎనిమిది సెకన్లు మిగిలాయి, చోటు దక్కింది.

నాకు ఊపిరి అందాక ఆమె నీళ్లిచ్చి, "నీ సెలవు రద్దయింది. రేపు తనిఖీ ఉన్నదని మీ సారు ఫోన్ చేసిండు" అంది.

"ఎప్పుడు?"

"నువ్వు రెండో చుట్టుల ఉన్నప్పుడు."

"మరి అప్పుడే ఒక కేక వెయ్యొద్దా?"

"వేస్తే గీత దాక నడుచుకుంట వస్తుంటివి. మనిషి దొరుకుతలేడు సార్, ఉరుకుతున్నడు అని చెప్పిన."