ప్రసూన టీచరు సర్దిన భుజం

జ్ఞానప్రసూనాంబ గారిని మేమంతా ప్రసూన టీచరు అనేవాళ్ళం. పెదపాడు మండలంలో చేపల చెరువుల మధ్యనున్న ఒక హైస్కూల్లో ఆవిడ డ్రిల్లు టీచరు, నేను లెక్కల మాస్టర్ని. ఇద్దరం ఏలూరు నుంచి ఒకే బస్సులో వచ్చి వెళ్ళేవాళ్ళం. ఆవిడ పుట్టి పెరిగింది తాడేపల్లిగూడెంలో. కాలేజీ రోజుల్లో యూనివర్సిటీ జట్టులో కబడ్డీ ఆడింది. రాష్ట్ర జట్టుకి ఎంపికైన వాళ్ళ జాబితాలోంచి ఆఖరి రోజున పేరు తీసేశారట. ఆ మాట నాతో ఒకే ఒక్కసారి అంది, అదీ కిటికీలోంచి బయటకు చూస్తూ.

మా స్కూలుకి వచ్చిన ఏడేళ్ళలో ఆవిడ ఆడపిల్లల జట్టుని తయారుచేసింది. ఆ జట్టుకి ప్రాణం వీరదుర్గ. నరసరాజు గారని రెండెకరాల వరి రైతు, ఆయన కూతురు. తల్లి మంగాయమ్మ గారు భర్తతో సమానంగా చేలో దిగే మనిషి. పిల్ల సన్నగా, పొడుగ్గా ఉండేది. కూతకెళ్ళిందంటే ఎదుటి జట్టు వెనక గీత దాకా తగ్గిపోయేది. తొమ్మిదో తరగతిలోనే జిల్లా జట్టుకి ఎంపికైంది. పదో తరగతిలో రాష్ట్ర పోటీలకి వెళ్ళాలి.

2003 నవంబరులో ఒక సాయంత్రం ప్రాక్టీసు జరుగుతోంది. కూతకెళ్ళిన వీరదుర్గని ఇద్దరు పిల్లలు నడుం దగ్గర పట్టేశారు. గీత అందుకోవాలని కుడిచెయ్యి చాచి బోర్లా పడింది. ఇంకో పిల్ల వచ్చి ఆ చేతిమీదే పడింది. అందరూ లేచారు, వీరదుర్గ మాత్రం లేవలేదు. భుజం గుండ్రం పోయి పలకలా కనిపిస్తోంది. ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని, ఊపిరి కూడా గట్టిగా తీసుకోలేక, పెదవి కొరుక్కుంటోంది.

ప్రసూన టీచరు పరుగున వచ్చింది. పిల్లని వెల్లకిలా పడుకోబెట్టి, తన చెప్పు విప్పి, మడమ పిల్ల చంకలో ఆనించి, మణికట్టు రెండు చేతులా పట్టుకుని లాగింది. టక్కుమంది. ఆ చప్పుడు దూరంగా నిలబడ్డ నాకు కూడా వినిపించింది. మరుక్షణం వీరదుర్గ మొహం తేటపడింది. "తగ్గిపోయిందండీ టీచరు గారూ," అని నవ్వింది.

అందరూ చప్పట్లు కొట్టారు. కొట్టిన వాళ్ళలో నేనూ ఉన్నాను. మా హెడ్మాస్టరు వీర్రాజు గారు, "మీ చేతిలో వైద్యం ఉందండీ టీచరు గారూ," అన్నారు. ఆ సాయంత్రం బస్సులో ఆవిడ మొహంలో ఎన్నడూ చూడని వెలుగు ఉంది. తను ఆడే రోజుల్లో కోచ్ గారు అలా చేస్తుంటే చూసి నేర్చుకున్నానని చెప్పింది.

చున్నీతో మెడకి కట్టిన చెయ్యి నాలుగు రోజులు అలా ఉంది. అయిదోరోజు మంగాయమ్మ గారు స్కూలుకి వచ్చింది.

"ఏవండీ టీచరు గారూ, ఒకసారి ఏలూరు తీసుకెళ్ళి డాక్టరు గారికి చూపిద్దామా అండీ? రాత్రిళ్ళు పక్క మీద ఒత్తిగిల్లలేకపోతోందండీ."

"చూపిస్తే కట్టు కట్టేస్తారండీ మంగాయమ్మ గారూ. నెలా రెండు నెలలు ఆట వద్దంటారు. జనవరిలో రాష్ట్ర పోటీలు. ఈ ఏడు పోతే పిల్లకి మళ్ళీ ఆ అవకాశం రాదు. నేను చూసుకుంటాను కదండీ."

మంగాయమ్మ గారు తలూపి వెళ్ళిపోయింది. చదువుకున్నావిడ చెప్పింది కదా అనుకుని ఉంటుంది. పక్కనే కూర్చుని పేపర్లు దిద్దుతున్న నేను తలెత్తలేదు.

పదోరోజుకల్లా వీరదుర్గ కోర్టులో దిగింది. డిసెంబరులో భుజం మళ్ళీ జారింది. ఈసారి పెద్ద దెబ్బేం లేదు, ఎదుటి పిల్ల చెయ్యి పట్టుకుని గుంజిందంతే. ప్రసూన టీచరు మళ్ళీ సర్దింది. మొదటిసారి కంటే తేలిగ్గా కీలులోకి వెళ్ళిపోయింది. అలా తేలిగ్గా వెళ్ళడం మంచిదనే మేమంతా అనుకున్నాం.

రాష్ట్ర పోటీలు తాడేపల్లిగూడెంలో పెట్టారు. రెండోరోజు మ్యాచ్‌లో, విరామానికి కొంచెం ముందు, వీరదుర్గ పట్టుబడి పడింది. భుజం జారిందని గ్యాలరీలో ఉన్న నాకే తెలిసిపోయింది. టీచరు కోర్టు పక్కనే పడుకోబెట్టి లాగింది. వెళ్ళలేదు. మళ్ళీ లాగింది. వెళ్ళలేదు. అవతల అంపైరు గడియారం చూసుకుంటున్నాడు. మూడోసారి ఆవిడ వెనక్కి వాలి ఒళ్ళంతా బరువు పెట్టి లాగింది.

ఈసారి వినిపించింది టక్కుమన్న చప్పుడు కాదు, ఎండుపుల్ల విరిగిన చప్పుడు. వీరదుర్గ అరిచిన అరుపుకి పక్క కోర్టులో ఆట ఆగిపోయింది.

కారులో ఏలూరు తీసుకొస్తుంటే, భీమడోలు దాటాక పిల్ల నెమ్మదిగా అంది: "టీచరు గారూ, ఇక్కడ ముట్టుకుంటే తెలియట్లేదండీ." భుజం కింద, జబ్బ బయటివైపు ఎడమచేతి వేలితో చూపించింది. టీచరు ముట్టుకుంది, గిల్లింది. "ఇప్పుడో?" "తెలియట్లేదండీ."

ఏలూరులో ఎముకల డాక్టరు చలపతిరావు గారు ఎక్స్‌రే దీపం ముందు పెట్టి చాలాసేపు చూశారు. అప్పటికి నరసరాజు గారూ మంగాయమ్మ గారూ వచ్చేశారు. చేలోంచి అలాగే వచ్చినట్టున్నారు, ఆయన కాళ్ళకి బురద ఆరి ఉంది.

"భుజం జారడం ఇదే మొదటిసారాండీ?" అడిగారు డాక్టరు గారు.

"మూడోసారండీ," అంది ప్రసూన టీచరు.

"మొదటిసారి ఎక్స్‌రే తీయించారా?"

"లేదండీ."

"ఎవరు లాగారు?"

"నేనేనండీ. ఇవాళా నేనే."

డాక్టరు గారు ఆవిడవైపు ఒకసారి చూసి, నరసరాజు గారి వైపు తిరిగారు. "భుజం కీలంటే టీ సాసరులో నిమ్మకాయ పెట్టినట్టుంటుందండీ. కాయ పెద్దది, సాసరు చిన్నది. జారిపోకుండా సాసరు అంచున మెత్తటి గట్టు ఉంటుంది. మొదటిసారి జారినప్పుడే ఆ గట్టు తెగుతుంది. మీ చేను గట్టుకి గండి పడితే, పూడ్చకుండా నీళ్ళు పెడతారా?"

"పెట్టమండీ."

"ఇక్కడ అదే జరిగింది. ఈ వయసు పిల్లలకి ఒకసారి జారిందంటే మళ్ళీ జారే అవకాశం ఎక్కువ. అందుకే ముందు ఎక్స్‌రే తీసి, ఎముక విరగలేదని చూసుకుని, మత్తిచ్చి కండ వదులయ్యాక సర్దుతాం. మూడు వారాలు కదలకుండా పెట్టి, తరవాత నెలల తరబడి కండకి బలం వచ్చే కసరత్తు చేయిస్తాం. అయినా జారితే ఆపరేషన్ చేసి గట్టుని కుడతాం. మొదట్లోనే తీసుకొచ్చి ఉంటే చాలా చెయ్యగలిగేవాళ్ళమండీ."

"ఇప్పుడండీ?" అంది మంగాయమ్మ గారు.

"చేతి ఎముకకి పైన గుండు కింద సన్నబడే చోటు ఉంటుంది, ఆ మెడ దగ్గర విరిగింది. దాన్ని అతికించొచ్చు. నా భయం నరం గురించి. చెయ్యి పైకి లేపే కండకి వెళ్ళే నరం సరిగ్గా ఆ ఎముక మెడ చుట్టూనే తిరుగుతుంది. అది బాగా సాగిపోయి ఉండాలి. ఆర్నెల్లు చూడాలండీ."

మర్నాడే ఆపరేషన్ జరిగింది. ఎముక అతుక్కుంది. నరం మాత్రం మేలుకోలేదు. రెండు నెలలు గడిచేసరికి కుడిభుజం మీద కండ కరిగి, చర్మం కింద ఎముక పొడుచుకొచ్చింది. వీరదుర్గ స్కూలుకి వస్తే భుజాల మీద చున్నీ నిండుగా కప్పుకునేది. పదో తరగతి పరీక్షలు ఎడమచేత్తో రాసింది. తప్పింది.

వారానికి మూడుసార్లు ఆ పిల్లని ఏలూరులో ఫిజియోథెరపీకి తీసుకెళ్ళే పని ప్రసూన టీచరు తనే పెట్టుకుంది. అక్కడ షాయిస్తా అని ఒకమ్మాయి ఓపిగ్గా చేయించేది. గోడకి వేళ్ళు ఆనించి పాకించడం, కప్పీకి కట్టిన తాడు ఎడమచేత్తో లాగి కుడిచేతిని లేపించడం. వేళ్ళు గోడమీద ఛాతీ ఎత్తుకి వచ్చి ఆగిపోయేవి. షాయిస్తా అక్కడ పెన్సిలుతో గీత పెట్టేది. నెలల తరబడి చేస్తే ఆ గీత ఒక్క అంగుళం పెరిగింది.

ఒకరోజు అక్కడే వీరదుర్గ అసలు సంగతి చెప్పింది. డిసెంబరుకీ జనవరికీ మధ్య భుజం ఇంకో నాలుగుసార్లు జారిందట. జడ వేసుకుంటుంటే ఒకసారి, చేదతో నీళ్ళు తోడుతుంటే ఒకసారి. తనే మంచానికి చెయ్యి ఆనించి సర్దుకునేదట.

"ఎందుకు చెప్పలేదే?" అంది టీచరు.

"చెప్తే అమ్మ డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్తానంటుందండీ. మీరేమో వద్దన్నారు కదండీ."

ఆవిడ మర్నాడు సెలవు పెట్టి మంగాయమ్మ గారి ఇంటికి వెళ్ళింది. తోడు రమ్మంటే నేనూ వెళ్ళాను. మంగాయమ్మ గారు అరుగు మీద బియ్యం చెరుగుతోంది. అప్పటిదాకా ఆవిడ జరిగిందంతా పిల్ల రాత అనే అనుకుంటోంది.

"రాత కాదండీ," అంది ప్రసూన టీచరు. "మీరు డాక్టరు దగ్గరికి వెళ్దామన్నారు. నేను ఆపాను. పోటీల కోసం ఆపాను. ఆ మాట మీకు చెప్పాలనే వచ్చానండీ."

చేట ఆగింది. కేకలు వేస్తుందనుకున్నాను. వెయ్యలేదు.

"దాని జడ ఇప్పుడు నేనే వేస్తున్నానండీ," అంది మంగాయమ్మ గారు. "పదహారేళ్ళ పిల్ల. రేపు నేను లేకపోతే ఎవరు వేస్తారండీ?" మళ్ళీ చేట అందుకుని, "ఇకమీదట ఏలూరు నేనే తీసుకెళ్తాను. మీరు రాకండి," అంది.

ప్రసూన టీచరు అన్నీ రాసి హెడ్మాస్టరు గారి చేతికిచ్చింది. వీర్రాజు గారు చదివి, కాగితం మడిచి వెనక్కిచ్చేశారు. "ఇలాంటివి రాతలో పెట్టకూడదండీ. మీకూ ఇబ్బంది, స్కూలుకీ ఇబ్బంది." ఎంక్వయిరీ రాలేదు. ఎవరూ ఆవిడని ఒక్క మాటా అనలేదు. అదే ఆవిడకి శిక్ష అయిందని నాకనిపించేది. బస్సులో నా పక్కన కూర్చుని, రెండు అరచేతులూ ఒళ్ళో పెట్టుకుని చూసుకునేది.

2006లో ఆవిడకి ఏలూరులోనే ఒక స్కూలుకి బదిలీ అయింది. మరుసటేడు అక్కడ ఫిజా అనే తొమ్మిదో తరగతి పిల్ల వాలీబాల్ ఆడుతూ పడి భుజం జారింది. తండ్రి నాగూర్ తివాచీలు నేస్తాడు. ఇల్లు దగ్గరే కావడంతో పరుగున వచ్చాడు. జరిగింది ఆవిడే నాకు చెప్పింది.

"లాగేయండి టీచరు గారూ! మీకు వచ్చని ఎవరో అన్నారు. పిల్ల చచ్చిపోతోందండీ!"

"రాదండీ నాకు," అంది ప్రసూన టీచరు.

చెయ్యి ఉన్నది ఉన్నట్టే ఒంటికి ఆనించి, మడిచిన తువ్వాలు మధ్యలో పెట్టి, చున్నీతో కట్టింది. ఆటో దొరికేసరికి పావుగంట పట్టింది. పిల్ల ఏడుస్తూనే ఉంది, తండ్రి తిడుతూనే ఉన్నాడు. దారిలో రైల్వే గేటు పడింది. గూడ్సు వెళ్ళేదాకా ఆ ఏడుపు వింటూ, తన చేతులు రెండూ తన కిందే పెట్టుకుని కూర్చుందట.

ఫిజాకి ఎక్స్‌రే తీశారు. మత్తిచ్చి సర్దారు. మూడు వారాలు సంచిలాంటి కట్టులో చెయ్యి పెట్టుకుంది. తరవాత అయిదు నెలలు షాయిస్తా దగ్గర, సైకిలు ట్యూబు ముక్క కిటికీ ఊచకి కట్టి లాగే కసరత్తు చేసింది. చెయ్యి పూర్తిగా లేచింది. ఆడుకోవచ్చని డాక్టరు గారు కాగితం రాసిచ్చారు. నాగూర్ ఆ కాగితం చదివించుకుని విని, "చాలండీ టీచరు గారూ, ఇంక ఆటలొద్దు," అన్నాడు. ఆవిడ ఆయన్ని ఒప్పించే ప్రయత్నం చెయ్యలేదు. సరేనండీ అని వచ్చేసింది.

వీరదుర్గ ఆ తరవాత పదో తరగతీ ఇంటరూ ప్యాసై, ఈ-సేవ కేంద్రంలో కంప్యూటరు దగ్గర పనిలో కుదిరింది. చెయ్యి భుజం ఎత్తుకి వచ్చి అక్కడ ఆగిపోతుంది. 2009లో ఒకసారి ప్రసూన టీచరూ నేనూ అక్కడికి వెళ్ళాం. మమ్మల్ని చూసి లేచి నిలబడింది, నమస్కారం ఒక చేత్తోనే పెట్టింది.

"మా జిల్లా డ్రిల్లు టీచర్లందరికీ ఒక సమావేశం ఉందమ్మా," అంది టీచరు. "భుజం దెబ్బల గురించి నేను మాట్లాడతాను. నువ్వు కూడా వస్తే..."

"నేను రానండీ."

"నా తప్పు నేనే చెప్తానమ్మా. నువ్వేం మాట్లాడక్కర్లేదు."

"అందుకే రానండీ. అక్కడ అందరూ నా చెయ్యి చూస్తారండీ. మీరు చెప్పుకోండి, మంచిదే." ఆ గొంతులో కోపం లేదు. వెనకాల నిలబడ్డ ముసలాయన చేతిలోని కాగితం ఎడమచేత్తో అందుకుని, "మీ పేరు చెప్పండి బాబాయి గారూ," అంటూ తెర వైపు తిరిగింది.

మేం బయటికి వచ్చాం. ఎండ తీవ్రంగా ఉంది. నాలుగు గంటలకి ఆడపిల్లల ప్రాక్టీసు ఉందంటూ ప్రసూన టీచరు బస్టాండు వైపు నడిచింది.