ఆల్ క్లియర్ అనే ముందు

2022 ఎండాకాలం. పటాన్‌చెరు దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో నేను సేఫ్టీ ఆఫీసర్‌ని. అనుమానం పెనుభూతం అంటారు. నా ఉద్యోగంలో ఆ భూతానికే జీతమిస్తారు.

'ఆల్ క్లియర్' యుద్ధకాలపు మాట. శత్రు విమానాలు వెళ్లిపోయాయి, దాక్కున్నవాళ్లు బయటికి రావచ్చని చెప్పే సైరన్‌కు ఆ పేరు. ఇప్పుడు బ్యాక్‌లాగ్‌లు పాసైన ఇంజనీరింగ్ పిల్లలూ అదే అంటున్నారు. మాకు మాత్రం దానర్థం ఒకటే: ప్రమాదం పోయింది, మనుషులందరూ క్షేమం, మాస్కులు తీయొచ్చు.

ఆ మధ్యాహ్నం సాల్వెంట్ పైపు లీకైంది. సాల్వెంట్ అంటే మందు సరుకును కరిగించే ద్రవం. దాని ఆవిరి ఎక్కువగా పీలిస్తే మనిషి సోయి తప్పుతాడు. సైరన్ మోగింది. అందరూ అసెంబ్లీ పాయింట్‌కు, అంటే గేటు పక్క మైదానానికి, పరుగెత్తారు. వాల్వు కట్టేశారు. కాంట్రాక్టర్ మనిషి కూలీల పేర్లు పిలిచాడు. ప్రతి పేరుకూ "హాజర్" అని బదులొచ్చింది.

మా సెక్యూరిటీ అధికారి, రిటైర్డ్ సుబేదార్ గారు, ఆల్ క్లియర్ చెప్పడానికి మైకు అందుకున్నారు. నాకెందుకో మనసొప్పలేదు. మల్లేశ్ అనే పేరుకు పలికిన గొంతు, అంతకు ముందు నర్సింలు పేరుకు పలికిన గొంతు ఒక్కలాగే ఉన్నాయి. పైగా ఈ నర్సింలు నావైపు చూడకుండా కాంపౌండ్ గోడవైపు దొంగచూపులు చూస్తున్నాడు.

"సార్, ఇంకా అనకండి," అన్నాను.

"లెక్క సరిపోయింది కదమ్మా!" ఆయనకు చిరాకు.

నేను నర్సింలు దగ్గరికి వెళ్లాను. "మల్లేశ్ ఏడి?"

"ఎన్క ఉన్నడు మేడమ్."

"ముందుకు రమ్మను."

నర్సింలు తల దించుకున్నాడు. "నా బామ్మర్ది మేడమ్. గోడ దుంకి చాయ్ తాగ పోయిండు. ఆబ్సెంట్ పడితే సగం రోజు కూలి కోస్తరని నేనే పలికిన."

"దూకడం చూశావా?"

"లే... ఎప్పుడు గట్లనే పోతడు."

"మనిషి లోపలే ఉండొచ్చు!" అని అరిచాను. గాలి సిలిండర్లు వీపుకు కట్టుకుని రెస్క్యూ టీమ్ మళ్లీ లోపలికి వెళ్లింది. మల్లేశ్ చాయ్‌కి పోలేదు. వెనక పంపు రూమ్ నీడలో కునుకు తీస్తూ అక్కడే సోయి తప్పి ఉన్నాడు. ఆల్ క్లియర్ అనేసి ఉంటే, షిఫ్టు మారేదాకా అటు ఎవరూ పోయేవారు కాదు.

మల్లేశ్ బతికాడు. ఆస్పత్రి వరండాలో నర్సింలు నా చేతులు పట్టుకుని ఏడ్చాడు. "పైసలు కాపాడుదామని పానం తీస్తుంటి మేడమ్!" నాకూ ఏడుపొచ్చింది. అతని మీద కోపం మాత్రం రాలేదు.

ఇప్పుడు మా దగ్గర పేరు పిలిస్తే పలకడం చాలదు, మనిషి వచ్చి ఎదుట నిలబడాలి. పోట్లాడి ఆ సగం రోజు కోత కూడా ఎత్తేయించాను. నిజం చెబితే కూలి పోయే చోట ఎవరు ఆల్ క్లియర్ అన్నా నేను నమ్మను.