లారీలు లేని దారిలో సబిత సైకిల్

మా చిట్కుల్ నుంచి ఇస్నాపూర్ వైపు సైకిల్ తొక్కాలంటే గుండె ధైర్యం కావాలి. పొద్దున షిఫ్టు మారే వేళ కంపెనీ బస్సులు, ఆ తర్వాత చీకటి పడేదాకా లారీలు, ట్యాంకర్లు. అలాంటి చోట నేను నలభై ఎనిమిదో ఏట సైకిల్ నేర్చుకున్నాను. నేర్పింది మా ఇంట్లో కిరాయికి ఉన్న సబిత. వాళ్లది ఒడిశాలో బరంపురం అవతల ఒక పల్లె. భర్త ఇక్కడి ఒక కంపెనీలో మెషీన్ ఆపరేటరు. ఆమె ప్యాకింగ్ పనికి లేడీస్ సైకిల్ మీద వెళ్లి వచ్చేది. ఆదివారం కంపెనీ రోడ్డు ఖాళీగా ఉంటుంది కాబట్టి ఆ రోజే మా పాఠం. నేను ముందు తొక్కుతుంటే తను వెనక క్యారియర్ పట్టుకుని పరుగెత్తేది. ఆ రోడ్డు చివర చిన్న మైసమ్మ గుడి ఉంది. అక్కడికి రాగానే నేను సైకిల్ దిగి దండం పెట్టుకునేదాన్ని. నాకు చిన్నప్పటి నుంచి ఉన్న అలవాటు అది. మైసమ్మ ముందు నుంచి ఆగకుండా పోయింది లేదు. సబితకు నవ్వొచ్చేది. "మైసమ్మ ఏమన్న చెక్‌పోస్టా దీదీ? బెల్ కొట్టి పోతే వినదా?" అనేది.

ఒకరోజు తనే ఫోన్‌లో వీడియో చూపించింది. నర్సాపూర్ వైపు అడవిలో బండ్లు రానివ్వని దారులు ఉన్నాయట. నడిచేవాళ్లు, సైకిళ్ల వాళ్లు మాత్రమే వెళ్లాలట. "ఈడ లారీ లేదు, హారన్ లేదు. మనం పోదాం దీదీ" అంది. "వానలు తగ్గినంక పోదాం. బురదల జారి పడితే నన్నెవరు లేపాలె?" అన్నాను. రెండు వానాకాలాలు ఈ మాటతోనే గడిచాయి. వానలు తగ్గాక ఆమెకు ఓవర్‌టైమో, మా ఇంట్లో పెళ్లి పనులో, ఏదో ఒకటి అడ్డం వచ్చేది. ఈ ఏడు దసరాకు ముందు కంపెనీలో ఆమె భర్త పనిచేసే లైను మూతపడి పని పోయింది. వారం తిరక్కుండానే సామాను కట్టుకున్నారు. సైకిల్ మాత్రం నా చేతిలో పెట్టి, "రైల్ల పట్టదు. నువ్వే తొక్కు. అడవికి పోయినంక నాకు చెప్పాలె. గుట్ట మీద నూకుకుంట పోతే మాత్రం ఒప్పుకోను, తొక్కుకుంటనే పోవాలె" అంది.

నాకున్న చిక్కు ఆమెకు తెలుసు. నాకు సైకిల్ తొక్కడం వచ్చు గానీ ఎక్కడం రాదు. ఎడమ కాలి కింద ఎత్తుగా ఏదైనా ఉండాలి. ఇంట్లో అయితే నల్లా పక్కన బట్టలుతికే బండ ఉంది. ఇంకెక్కడైనా సబిత క్యారియర్ గట్టిగా పట్టుకుని నిలబడితేనే నేను సీటు మీదికి చేరేదాన్ని.

దసరా రోజు మా ఆయన స్కూటర్‌తో పాటు ఆ సైకిల్‌కూ పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచాను. పూజ అయ్యాక దాన్ని మళ్లీ గోడకు ఆనించడానికి మనసు రాలేదు. కార్తీకంలో ఒక మంగళవారం వెళ్లాలని నిశ్చయించుకున్నాను. ఆదివారాలు వనభోజనాల వాళ్లతో అడవి గేటు దగ్గర నిలబడే చోటు కూడా ఉండదని విన్నాను.

మా వీధిలో నీళ్ల క్యాన్లు వేసే మొగులయ్య ట్రాలీ ఆటో మాట్లాడుకున్నాను. పోను, రాను, అక్కడ ఆగడానికి కలిపి పన్నెండు వందలు. దీపం పెట్టుకుని ఆరింటికి బయల్దేరాం. జిన్నారం మీదుగా గుమ్మడిదల, అక్కడి నుంచి నర్సాపూర్ రోడ్డు. సైకిల్‌ను తాడుతో కడుతూ మొగులయ్య అన్నాడు, "సైకిల్ తొక్కెతందుకు పోతున్నవ్, సైకిల్‌నేమో ఆటోల ఎక్కిస్తివి. గిదేం లెక్క అక్కా?"

"మరి లారీలు నన్ను గక్కడిదాంక పోనిస్తయా తమ్ముడూ?"

"నన్నే పోనిస్తలేవు" అని నవ్వాడు. గుమ్మడిదలలో చాయ్ తాగాం. ఏడున్నరకల్లా అడవి గేటు ముందు ఉన్నాం.

టికెట్టు తీసుకుని లోపలికి వెళ్లగానే దారి రెండుగా చీలుతుంది. ఎడమ దారి చదునుగా కుంట పక్క నుంచి పోతుంది. పిల్లలతో వచ్చేవాళ్లకు, కొత్తగా నేర్చుకున్నవాళ్లకు అది మంచిది. కుడి దారి గుట్ట ఎక్కి, అవతల దిగి, చుట్టూ తిరిగి మళ్లీ గేటు దగ్గరికే వస్తుంది. మెల్లగా తొక్కితే గంటన్నర పడుతుంది. గేటు దగ్గర కూర్చున్న వాచర్ నన్నూ సైకిల్‌నూ చూసి, "కుడి దిక్కు చడావు ఉంటదమ్మా. ఎడమ దిక్కు పోరాదు?" అన్నాడు. "చడావు కోసమే వచ్చిన" అన్నాను. గేటు పక్కన సిమెంటు దిమ్మె ఉంది. దాని మీద ఎడమ కాలు మోపి ఎక్కాను.

మొదటి మలుపు తిరిగేసరికి రోడ్డు చప్పుడు పూర్తిగా ఆగిపోయింది. మా ఇంట్లో నడిరాత్రి కూడా ఏదో ఒక కంపెనీ మెషీన్ మోత సన్నగా వినిపిస్తూనే ఉంటుంది. ఇక్కడ నా చైను తిరిగే చప్పుడు, టైరు కింద టేకాకులు విరిగే చప్పుడు, ఎక్కడో ఒక నెమలి కూత. మారేడు చెట్టు కనిపిస్తే లోపల్లోపలే శివుణ్ణి తలుచుకున్నాను. మనసు మాత్రం వెనక్కే పోయింది. క్యారియర్ పట్టుకుని, రొప్పుతూ, "సీదా చూడు దీదీ, సీదా" అనే గొంతు పక్కనే ఉండాల్సింది.

చడావు సగం ఎక్కాక మైసమ్మ కనిపించింది. పసుపు రాసిన రాయి, వేపకొమ్మలు, ముందు మోకాలెత్తు గద్దె. నలుగురు కుర్రాళ్లు హెల్మెట్లు పెట్టుకుని నన్ను దాటి, గుండెకు చేయి తాకించుకుంటూ ఆగకుండా పైకి వెళ్లిపోయారు. నేను కూడా బెల్ కొట్టి వెళ్లొచ్చు. ఇక్కడ దిగితే మళ్లీ ఎక్కలేనని నాకు బాగా తెలుసు. సబితకు ఇచ్చిన మాట అక్కడితో సగంలో పోతుంది. బెల్ మీద వేలు కూడా పెట్టాను. కానీ కాళ్లు వాటంతటవే ఆగాయి. దిగాను. దారిలో ఏ అమ్మవారైనా ఎదురవుతుందని ఇంటి నుంచే రెండు నిమ్మకాయలు తెచ్చాను, ఒకటి నా పేరున, ఒకటి సబిత పేరున. రెండూ పెట్టి, ఊదుబత్తి వెలిగించి దండం పెట్టుకున్నాను.

గద్దె పక్కన కొబ్బరికాయలు అమ్మే అవ్వ దగ్గర ఒక కాయ కొన్నాను. "వానకాలంల రావాల్సింది బిడ్డా. గప్పుడు చూడాలె ఈ అడివి, కండ్లు సల్లబడుతయి" అంది.

"వానల బురద గాదా అవ్వా?"

"ఏడి బురద? అంత మొరం నేల. వాన ఎల్సిన గడియకే ఆరుతది. వానలల్లనే సైకిళ్లోళ్లు మస్తుగొస్తరు."

కాయ కొట్టి ఒక చెక్క మైసమ్మ ముందు పెట్టాను. రెండో చెక్క కొంగులో కట్టుకున్నాను.

తర్వాత సైకిల్ ఎక్కబోయాను. ఏటవాలు. ఒకసారి చీర కుచ్చిళ్లు పెడల్‌లో పడ్డాయి. ఇంకోసారి సైకిలే వెనక్కి జారింది. అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఏంది బిడ్డా, సైకిల్‌తోని కుస్తీ పడుతున్నవ్? గీడిదాంక ఎట్లొచ్చినవ్ మరి?"

"తొక్కుకుంటనే వచ్చిన. దిగితే మళ్ల ఎక్కరాదు."

"మరెందుకు దిగినవ్?"

"మైసమ్మ ఉన్నదిగా."

"అయితే ఇగ మైసమ్మనే ఎక్కియ్యాలె" అని అవ్వ నవ్వింది. "గా గద్దె మీద కాలు పెట్టు, ఏం గాదు. పొద్దుగాల్నుంచి నేను కూసుంటలేనా దాని మీద?"

గద్దె సరిగ్గా మా ఇంటి బండంత ఎత్తే ఉంది. కానీ అమ్మవారి గద్దె మీద కాలు మోపడం నా వల్ల కాదు. "నాతోని గాదవ్వా. జెర వెనక క్యారియర్ పట్టుకుంటవా?" అని అడిగాను.

అవ్వ కొంగు నడుముకు చుట్టుకుని వచ్చి పట్టుకుంది. సీటు మీదికి చేరాను. ఆ పట్టు వెనక తెలియగానే అలవాటుగా సీదా ముందుకు చూశాను. అవ్వ నాలుగడుగులు నాతో పాటు నడిచింది. సబిత ఎప్పుడు వదిలేదో చెప్పేది కాదు. అవ్వ మాత్రం గట్టిగా చెప్పింది, "ఇడుస్తున్న బిడ్డా. నా కాళ్లు ఇంతే వస్తయి."

వదిలింది. నేను తొక్కాను. ఒక్క అడుగు కూడా నూకకుండా గుట్ట పైకి చేరాను. పైన చదును నేల ఉంది. అక్కడ కోతులు ఎక్కువ, తినేవి బయటికి తీయకండి. నేను మాత్రం ఆగలేదు. ఆగితే ఎక్కించే అవ్వ అక్కడ లేదు. దిగుడులో రెండు బ్రేకులూ మెల్లగా పట్టుకుంటూ, పది దాటేసరికి గేటుకు వచ్చాను.

సాయంత్రం ఫోన్ చేస్తే సబితే ఎత్తింది. "కింద కాలు పెట్టినవా దీదీ?"

"పెట్టిన. మైసమ్మ దగ్గర."

"నాకు తెల్సు. చెక్‌పోస్ట్." చాలాసేపు నవ్వింది. "అటెన్క నూకినవా?"

"లేదు. ఒక అవ్వ క్యారియర్ పట్టుకున్నది."

సబిత నవ్వు ఆపి అడిగింది, "గట్టిగ పట్టుకున్నదా?"

"నీ అంత గట్టిగ కాదు" అన్నాను.

ఆ రాత్రి పూజ గదిలో దీపం కొండెక్కేదాకా కూర్చున్నాను. అడవి నేను అనుకున్నదానికంటే అందంగా ఉంది, దారి అనుకున్నదానికంటే సులువుగా ఉంది. ఆ రెండూ నాకు సంతోషం ఇవ్వాల్సింది. కానీ గుర్తొచ్చింది మాత్రం మా ఇంటి అరుగు మీద కూర్చుని, వాన చూస్తూ, ఎప్పుడు తగ్గుతుందా అని ఎదురుచూసిన మా ఇద్దరి ఆదివారాలు. అవ్వ మొరం నేల గురించి చెప్పిన మాట సబితకు చెప్పలేదు. చెప్పి ఏం లాభం? ఆమె మళ్లీ వస్తే తనే చూస్తుంది. సైకిల్ తుడిచి, గొలుసుకు నూనె వేసి పెట్టాను.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట. ఈ దారికి వెళ్లడానికి వానలు తగ్గేదాకా ఆగనక్కర్లేదు. అక్కడ బురద కాదు.