పక్కింటి కిటికీ

జనగామ బస్టాండు వెనక, టైలర్ షాపు మీది గదిలో మా ఉచిత న్యాయ సహాయ కేంద్రం ఉండేది. లా చదువు ముగించి నేను కొత్తగా చేరిన రోజులవి. ఒక పొద్దున ఓ ముసలమ్మ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది.

"ఫీజెంత బిడ్డా?"

"ఏం లేదవ్వా. ఇక్కడ పైసలు తీసుకోం."

నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "పున్నానికి వాదిస్తె గట్టిగ వాదిస్తవా మరి?"

గట్టిగానే వాదిస్తానని మాటిచ్చాక కూర్చుంది. పక్కింటామె కొత్తగా కిటికీ పెట్టించిందట. అది సరిగ్గా ఈమె వాకిట్లోకి తెరుచుకుంటుంది.

"నేనేం కూర వండిన, ఎవలొచ్చిండ్రు, అన్ని గామెకే కావాలె. మొన్న పప్పుల ఉప్పెక్కువైతె నా కోడలి కన్న ముందు గామెకే ఎరుకైంది!"

కిటికీ మూయించే బాధ్యత నాదన్నాను. ఆ వారంలోనే పక్కింటామె కూడా వచ్చింది.

"నా ఇంటికి గాలి రావద్దా అక్కా? నాకు గూడ పున్నానికే వాదించు."

ఒకే తగాదాలో ఇద్దరి తరఫునా నిలబడలేనని చెప్పాను. రేషన్ షాపులో బియ్యం అయిపోయాయని నేను చెప్పినట్టు నా వైపు చూసింది.

"ఏంది, ముందొచ్చినోళ్లకేనా?"

ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడదామన్నారు మా సీనియర్ వకీలు. ఇద్దరం వాళ్ల ఊరికి పోయాం. చాలాసేపు వాదులాడి, చివరికి పక్కింటామె విసిగిపోయింది.

"సరే తియ్! రేపే మేస్త్రీని పిలిచి ఇటుకలు కట్టిస్త."

నా మొదటి గెలుపు! రాజీ పత్రం రాయబోతుంటే అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"మొత్తమే మూస్తె ఎట్ల? కోడలు పత్తి ఏరబోతె పొద్దందాక నేనెవలతోని మాట్లాడాలె?"

మా సీనియర్ కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. నవ్వు ఆపుకుంటున్నారని నాకు తర్వాత తెలిసింది. ఆఖరికి కిటికీ ఉండేట్టు, అవ్వ వైపు కూడా ఒక గడియ బిగించేట్టు, వంట చేసేటప్పుడు ఆమె దాన్ని వేసుకునేట్టు ఒప్పందం కుదిరింది.

కొన్నాళ్లకు వాళ్ల ఎదురింటాయన మా మెట్లెక్కాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మేడం, తెల్లారకముందే గా కిటికి కాడ ఇద్దరి ముచ్చట్లు షురువైతున్నయి. నిద్ర లేక పరేషానైతున్న. వంటప్పుడు గాదు, జర పొద్దుగాల గడియ ఏపియ్యుండ్రి!"

ఆయనను కూర్చోమని, మంచినీళ్లు తెస్తానన్న వంకతో పక్క గదిలోకి పోయాను. నవ్వు తగ్గేదాకా బయటికి రాలేదు.