పిట్టల పుస్తకానికి పిన్ని పెట్టిన వరస

మా ప్రెస్సులో పుస్తకాలు కుట్టే ఆవిడని అందరం పిన్నీ అనే పిలుస్తాం. ఆమెకంటే పదేళ్ళు పెద్దయిన మా ఓనరు కూడా అంతే. ఇరవై ఎనిమిదేళ్ళుగా మా దగ్గరే పని. ఇప్పుడు కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, అచ్చయిన ఫారాలు మడిచి, వరసగా పేర్చి, మైనం రాసిన దారంతో కుడుతోంది. చదువు రాదు, కానీ పేజీల అంకెలు ఆమెకి కొట్టిన పిండి. అంకె వేసిన పుస్తకం ఆమె చేతిలో వరస తప్పడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ మధ్య మాకు పిల్లల బొమ్మల పుస్తకం ఒకటి వచ్చింది. దారి తప్పి వచ్చిన పిట్టని మేడ మీది పిట్టలు పొడిచి తరుముతాయి. ఒక పాప దాని రెక్కకి కట్టు కట్టి, గిన్నెతో నీళ్ళు పెడుతుంది. అది చూసి తక్కిన పిట్టలు కూడా జరిగి చోటిస్తాయి. అంతే కథ. ఒక్క మాట కూడా లేదు. అంకెలు వేస్తే బొమ్మల అందం పోతుందని వాటిని గీసినావిడ పట్టుబట్టింది. అక్షరాలే లేనప్పుడు ప్రూఫులు దిద్దే నాకేం పని? బొమ్మల వరస చూపే నమూనా పుస్తకం పిన్నికి ఇవ్వడం ఒక్కటే నా పని. నా బుద్ధి గడ్డి తిని, అది సొరుగులోనే ఉండిపోయింది.

పిన్ని బొమ్మలు చూసి తనే ఒక వరస పెట్టుకుంది. అప్పటికి పదకొండు రోజుల ముందు పనిలో చేరిన కొత్తావిడా, తనూ కలిసి రెండు వందల పుస్తకాలు కుట్టేశారు. బొమ్మలావిడ వచ్చి ఒకటి తిరగేసి నోరెళ్ళబెట్టింది.

"ఇదేంటండీ, పిట్టని చివర్లో తరిమేశారు?"

ఓనరు ఇంతెత్తున లేచాడు. "కొత్తామె చెయ్యి పడింది, పుస్తకం తగలబడింది! రేపట్నుంచి రావద్దని చెప్పండి."

కొత్తావిడది మన భాష కాదు, ఒక్కో మాటా వెతుక్కుంటుంది. 'నేను కాదు' అనైనా అనకుండా సంచి భుజాన వేసుకుంది. నమూనా నా సొరుగులోనే ఉందని చెప్పాల్సిన నేను గోడకేసి చూస్తూ నిలబడ్డాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

పిన్ని మాత్రం పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పుతోంది.

"ఇందులో తప్పేముంది సార్? వరస నేనే పెట్టాను."

"తరిమే బొమ్మలో రెక్కకి కట్టు లేదు కదా పిన్నీ!" అన్నాడు ఓనరు.

"నయమైపోయింది కాబట్టే తరిమారనుకున్నాను."

నేను కూడా తొంగి చూశాను. నీళ్ళు పెట్టారు, చోటిచ్చారు, రెక్క బాగయింది, పొడిచారు. ఎక్కడా అతుకు కనిపించలేదు. ఏది సరైన వరసో నాకే ఓ పట్టాన తేలలేదు.

"అలా ఎలా అనుకున్నావు?" అన్నాడాయన, గొంతు తగ్గించి.

"అలాగే కదా జరిగేది? నేనొచ్చిన కొత్తలో ఇక్కడివాళ్ళు తిన్నావా అని అడిగారు, బల్ల దగ్గర చోటిచ్చారు. నా చెయ్యి చురుకని తెలిశాక ఆ తలుపు మూలకి నెట్టేశారు. మూడేళ్ళు ఒక్కరూ పలకరించలేదు. మంచివాళ్ళే సార్ వాళ్ళు. ఎందుకలా చేశారో నాకిప్పటికీ అర్థం కాదు."

ఓనరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళిన కొత్తావిడ వెనక్కి తిరిగింది.

"పిన్నీ, నన్ను... ఎప్పుడు?" అంది.

పిన్ని బిక్కమొహం వేసింది. ఎప్పుడు తరుముతారని అడుగుతోందని అర్థం కావడానికి ఆమెకి కాస్త టైము పట్టింది.

"ఏమోనమ్మా, నాకు తెలీదు. నీ చెయ్యి కూడా చురుకే. నిన్న నువ్వు కుడుతుంటే చూసి నాకు కొంచెం కుళ్ళుగానే అనిపించింది." కత్తెర అందుకుంది. "రా, కూర్చో. రెండొందలూ కుట్లు విప్పాలి."

కొత్తావిడ ఓనరు వంక చూసింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు. రమ్మన్నట్టో వద్దన్నట్టో తేలక ఆవిడ కాసేపు అక్కడే నిలబడి, తర్వాత వచ్చి, సంచి భుజాన ఉంచుకునే కూర్చుంది.