లిసియా వెండి మీద నలుపు

మా నాణేల అంకుల్ పోయారని ఆంటీ ఫోన్ చేసినప్పుడు నేను సింగపూర్‌లో, చోవా చూ కాంగ్ స్టేషన్‌లో ట్రైన్ ఎక్కబోతున్నాను. ఆదివారం కదా, బుకిట్ పంజాంగ్‌లో వాళ్ళ ఫ్లాట్‌కే బయల్దేరాను. ప్లాట్‌ఫాం మీదే ఏడ్చేశాను. ఆ ఏడుపులోనే, సిగ్గు విడిచి చెబుతున్నాను, మనసులో ఆ నాణెం కూడా మెదిలింది.

పాత నాణెం పట్టుకుని వెల అడక్కుండా దాని మీది మొహం చూడడం నాకు నేర్పింది ఆయనే. ఆయన దగ్గరున్న వాటిలో మేటిది లిసియా వెండి నాణెం. ఇప్పటి టర్కీ దక్షిణ తీరంలో ఉండేదా దేశం. పారశీక చక్రవర్తి ఏలుబడిలో ఉంటూనే అక్కడి దొరలు సొంత నాణేలు వేయించుకున్నారు. దీని మీద ఒక గడ్డం దొర పారశీక టోపీ పెట్టుకుని ఉంటాడు.

"టోపీ చక్రవర్తిది, మొహం మాత్రం తనదేనోయ్!" అని మురిసిపోయేవారు అంకుల్.

దాన్ని నా చేతికిస్తే ఒట్టు. తన బొటనవేలితో నిమురుకుంటూ, "చుట్టూ అక్షరాలు ఎలా ఉన్నాయో చూసి చెప్పు" అని ప్రతివారం అదే పరీక్ష. చెయ్యి చాపితే, "కళ్ళతో చూడవయ్యా బాబూ! ఏళ్ళుగా పట్టిన ఆ నలుపు పోయిందంటే దాని వయసంతా పోతుంది" అని కసిరేవారు.

నిరుడు వరలక్ష్మీ వ్రతానికి ఆంటీ పూజ సామానుతో పాటు దాన్నీ విభూతి పెట్టి తళతళా తోమేశారు. దాని వయసంతా పోయింది. అంకుల్ మాత్రం ఎప్పటిలాగే నిమురుతూ, "ఆ నలుపు చూశావుటోయ్, ఎంత అందమో!" అన్నారు. భార్య తోమితే వెనకేసుకొస్తారు, నేను ముట్టుకుంటే అరిగిపోతుందా? ఒళ్ళు మండిపోయింది. ఆవిణ్ణి చూసి ఎంత కుళ్ళుకున్నానో చెప్పలేను.

పదో రోజున ఆంటీ ఆ నాణెం తెచ్చి నా అరచేతిలో పెట్టారు.

"నీకే ఇమ్మన్నారు నాన్నా. రెండు మూడేళ్ళుగా ఆయనకి చూపు ఆనేది కాదు. మనుషుల్ని పోల్చుకునేవారు గానీ చిన్నవన్నీ బ్లర్. నేను తోమేశానని కూడా తెలీదు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నారు. నువ్వు చదివి చెప్పి వెళ్ళాక, 'వాడి కళ్ళు చూస్తే ఎంత కుళ్ళుగా ఉంటుందో తెలుసా' అనేవారు."

నాణెం గుప్పెట్లో మూసుకుని లేచాను.

తిరుగు ట్రైన్‌లో కళ్ళు మూసుకుని బొటనవేలితో నిమిరాను. టోపీ తెలిసింది. ముక్కు తెలిసింది. గడ్డం తెలిసింది. అక్షరాలు మాత్రం వేలికి అందలేదు.